పోతలో రేణువులు: కరిగిన అల్యూమినియం గడ్డకట్టే తీరును చూసి, కొలిచి, అదుపు చేయడానికి సమగ్ర మార్గదర్శి

ఇంట్లో పాత జీఐ బకెట్ ఉంటే వెలుతురులో అటూ ఇటూ వంచి చూడండి. వంకర అంచులతో, ఒక్కో కోణంలో ఒక్కో రకంగా మెరిసే మచ్చలు కనిపిస్తాయి. ఒక్కో మచ్చ ఒక్కో జింక్ రేణువు (గ్రెయిన్), అంటే ఒక్కో స్ఫటికం. ఇనుప రేకును కరిగిన జింక్‌లో ముంచి తీశాక ఆ పూత గడ్డకట్టిన తీరు అది. ఇంజిన్ సిలిండర్ హెడ్‌లో, కారు అల్లాయ్ చక్రంలో, పంపు బాడీలో ఉన్నవీ ఇలాంటి రేణువులే. కాకపోతే కోసి, నునుపు చేసి, రసాయనంతో తలాన్ని కొద్దిగా తినిపిస్తే (ఎచింగ్) తప్ప అవి బయటపడవు.

రోలింగ్‌కూ ఫోర్జింగ్‌కూ వెళ్లే లోహంలో రేణువులను తర్వాతి దశల్లో విరగ్గొట్టి కొత్తవి పుట్టించవచ్చు. పోత వస్తువుకు ఆ అవకాశం లేదు. అచ్చులో ఏది ఏర్పడిందో చివరిదాకా అదే. అందుకే ద్రవం లిక్విడస్‌ను, అంటే గడ్డకట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రతను, దాటే ఆ కొన్ని క్షణాల మీద ఇంత శ్రద్ధ పెట్టాలి.

ఇక్కడ ఒకే మిశ్రమలోహాన్ని తీసుకుందాం. అల్యూమినియంలో 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం. అమెరికా పేరు ఏ356, బ్రిటిష్ పద్ధతిలో దాదాపు ఇదే ఎల్ఎం25. దీని పోతలో మూడు వేర్వేరు కొలతలు ఉంటాయి. మిల్లీమీటరు స్థాయిలో రేణువు. ఆ రేణువు లోపల పదుల మైక్రాన్ల స్థాయిలో డెండ్రైట్ (చెట్టులా కొమ్మలు వేసిన స్ఫటికం) కొమ్మల మధ్య దూరం. కొమ్మల సందుల్లో కొన్ని మైక్రాన్ల సిలికాన్ పలకలు. మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. ఫౌండ్రీల్లో సగం గందరగోళం ఈ మూడింటినీ కలిపి "గ్రెయిన్ బాగాలేదు" అనేయడంతోనే మొదలవుతుంది.

ముందు అర్థం చేసుకోవలసింది: స్ఫటికం ఎలా పుడుతుంది

అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. నిజానికి ఆ ఉష్ణోగ్రత చేరగానే ఏమీ జరగదు. కొన్ని పరమాణువులు స్ఫటిక క్రమంలో చేరి చిన్న గుంపు కడతాయి, అంతలోనే కరిగిపోతాయి. ఘనంగా మారితే శక్తి తగ్గుతుంది. కానీ ఘనానికీ ద్రవానికీ మధ్య కొత్త తలం ఏర్పడాలంటే శక్తి ఖర్చవుతుంది. గుంపు మరీ చిన్నదైతే ఖర్చే ఎక్కువ. ఒక కీలక పరిమాణం దాటిన గుంపే నిలబడి పెరుగుతుంది. ద్రవం ఎంత ఎక్కువ చల్లబడితే ఆ కీలక పరిమాణం అంత చిన్నదవుతుంది. గడ్డకట్టవలసిన ఉష్ణోగ్రత కంటే ద్రవం ఎన్ని డిగ్రీలు కిందికి జారిందో దాన్ని అండర్‌కూలింగ్ అంటారు.

ఏ ఆసరా లేకుండా స్ఫటికం పుట్టాలంటే ఈ అండర్‌కూలింగ్ చాలా ఎక్కువ కావాలి. డేవిడ్ టర్న్‌బుల్ 1950 ప్రాంతంలో లోహాలను అతి చిన్న బిందువులుగా విడగొట్టి పరీక్షించాడు. మలినాలు కొన్ని బిందువులకే పరిమితమై, మిగతావి శుభ్రంగా మిగలాలన్నది ఆయన ఉద్దేశం. అలాంటి నికెల్ బిందువులు 319 డిగ్రీలు కిందికి జారాక గానీ గడ్డకట్టలేదు. మన కొలిమిలో అలా ఎప్పుడూ జరగదు. అచ్చు గోడ, ద్రవంలో తేలే ఆక్సైడ్ ముక్క, రేణువులు చిన్నవి కావడానికి మనమే వేసిన రిఫైనర్ కణం, వీటిలో ఏదో ఒకటి ఆసరాగా దొరుకుతుంది. ఆసరా దొరికితే ఒకటి రెండు డిగ్రీలు చాలు, ఒక్కోసారి అంతకంటే తక్కువే సరిపోతుంది.

మొదటి స్ఫటికాలు పెరగడం మొదలుపెట్టగానే గుప్తోష్ణాన్ని విడుదల చేస్తాయి. ఆ వేడికి ద్రవం మళ్లీ కాస్త వేడెక్కుతుంది. దీన్ని రీకాలెసెన్స్ అంటారు. ఉష్ణోగ్రత లేచిన క్షణం నుంచి కొత్త స్ఫటికాలు పుట్టవు, ఉన్నవే పెరుగుతాయి. అంటే పోతలో రేణువుల సంఖ్య రీకాలెసెన్స్ మొదలయ్యేలోగా ఎన్ని కేంద్రకాలు (స్ఫటికం పుట్టే చోట్లు) మేల్కొన్నాయన్న దాని మీదే దాదాపుగా ఆధారపడుతుంది.

మిశ్రమలోహంలో మరో సంగతి తోడవుతుంది. 7 శాతం సిలికాన్ ఉన్న ద్రవం దాదాపు 615 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. మొదట ఏర్పడే ఘనంలో సిలికాన్ 0.9 శాతం మాత్రమే. మిగిలిన సిలికాన్‌ను ఘనం తన ముందున్న ద్రవంలోకి నెడుతుంది. ఆ పలుచని పొరలో సిలికాన్ పేరుకుని, అక్కడి గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. కొంచెం దూరంలో ఉన్న ద్రవానికి ఈ ఇబ్బంది లేదు. సమతలంగా ముందుకు జరుగుతున్న ఘనం మీద ఒక చిన్న బుడిపె పైకి లేచి ఆ పొరను దాటితే, దానికి ఇంకా చల్లబడిన ద్రవం అందుతుంది, అది మరింత వేగంగా పెరుగుతుంది. లోహశాస్త్రవేత్త చామర్స్ బృందం 1953లో ఈ పరిస్థితిని లెక్క కట్టి చూపింది. బుడిపె కాండమవుతుంది, కాండానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు వస్తాయి. అదే డెండ్రైట్. ఘనాకార (క్యూబ్) స్ఫటిక నిర్మాణం ఉన్న లోహాల్లో కొమ్మలు ఆ క్యూబ్ అంచుల దిశల్లోనే సాగుతాయి. అందుకే అవి ఒకదానికొకటి లంబంగా కనిపిస్తాయి. రష్యన్ లోహశాస్త్రవేత్త దిమిత్రి చెర్నోవ్ దగ్గర ఉక్కు దిమ్మలో ఏర్పడిన 39 సెంటీమీటర్ల డెండ్రైట్ ఉండేది. చోటూ సమయమూ దొరికితే ఇవి ఎంతదాకా పెరగగలవో దాన్ని బట్టి ఊహించుకోవచ్చు.

కొమ్మలు పెరిగేకొద్దీ సందుల్లోని ద్రవంలో సిలికాన్ పెరుగుతూ 12.6 శాతానికి చేరుతుంది. ఉష్ణోగ్రత 577 డిగ్రీలకు దిగుతుంది. అప్పుడు మిగిలిన ద్రవం మొత్తం అల్యూమినియం, సిలికాన్ ఒకేసారి గడ్డకట్టి కలిసిపోయే యూటెక్టిక్‌గా మారుతుంది. గడ్డకట్టేటప్పుడు మిగిలే ద్రవం వాటాను లెక్కించే షైల్ సమీకరణంలో ఈ అంకెలు వేస్తే యూటెక్టిక్ వాటా దాదాపు సగం వస్తుంది. ఈ లోహం అచ్చు మూలల్లోకి బాగా పారడానికి ఆ సగం ద్రవమే కారణం.

మొదటి అడుగు: సామగ్రి, జాగ్రత్తలు

పది కిలోలు పట్టే క్రూసిబుల్, రెసిస్టెన్స్ ఫర్నేస్, ఉష్ణోగ్రత కొలిచే కె-టైప్ థర్మోకపుల్, సెకనుకు అయిదు సార్లయినా రీడింగ్ తీసుకునే లాగర్, ఒక ఉక్కు అచ్చు, ఒక ఇసుక అచ్చు కావాలి. ఏ356 దిమ్మలతో పాటు కొంచెం వాణిజ్య స్వచ్ఛ అల్యూమినియం కూడా తెచ్చుకోండి, ఎందుకో తర్వాత తెలుస్తుంది. దిమ్మలతో వచ్చే రసాయన విశ్లేషణ పత్రం పారేయవద్దు. ఏ356లో 0.20 శాతం దాకా టైటానియం ఉండవచ్చు, అది ముందే ఎంత ఉందో తెలియకుండా రిఫైనర్ మోతాదు లెక్కించడం గుడ్డి పని.

కరిగిన అల్యూమినియం దగ్గర అన్నిటికంటే పెద్ద ప్రమాదం తడి. గరిటె మీద, దిమ్మ మీద, అచ్చులో ఒక్క చుక్క నీరున్నా అది క్షణంలో ఆవిరై లోహాన్ని మనుషుల మీదికి విసురుతుంది. లోహంలో పెట్టే ప్రతి వస్తువునూ ముందు వేడి చేయండి. ముఖానికి షీల్డు, తోలు ఏప్రన్, బూట్ల మీద కవచం తప్పనిసరి. నైలాన్ దుస్తులు వద్దు. పోత పోసే చోట నేల మీద పొడి ఇసుక పరిచి ఉండాలి.

రెండో అడుగు: కరిగించడం

ద్రవాన్ని 720 డిగ్రీల దగ్గర ఉంచండి. 760 దాటనివ్వవద్దు. వేడి పెరిగేకొద్దీ తేమ నుంచి హైడ్రోజన్ ఎక్కువగా కరుగుతుంది. అల్యూమినియం గడ్డకట్టే క్షణంలో హైడ్రోజన్‌ను పట్టి ఉంచే శక్తి దాదాపు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది, బయటికి నెట్టబడిన వాయువు డెండ్రైట్ సందుల్లో సన్నని రంధ్రాలుగా మిగులుతుంది. ఆర్గాన్ లేదా పొడి నైట్రోజన్‌ను తిరిగే గ్రాఫైట్ రోటర్ ద్వారా పంపి డీగ్యాసింగ్ చేయండి, పైన తేలిన తెట్టు తీసేయండి. ఈ పని రిఫైనర్ వేయకముందే పూర్తి కావాలి.

మూడో అడుగు: ఏమీ కలపని పోతలు

ముందు స్వచ్ఛ అల్యూమినియాన్ని ఉక్కు అచ్చులో పోయండి. తర్వాత ఏ356ను ఏమీ కలపకుండా ఒకటి ఉక్కు అచ్చులో, ఒకటి ఇసుక అచ్చులో పోయండి. మిగతా ఫలితాలన్నిటినీ వీటితోనే పోల్చాలి. చాలామంది ఈ అడుగు దాటేసి నేరుగా రిఫైనర్ వేస్తారు, తర్వాత అది పనిచేసిందో లేదో చెప్పలేక నీళ్లు నములుతారు.

స్వచ్ఛ అల్యూమినియం దిమ్మను అడ్డంగా కోస్తే ఘనీభవనం మొత్తం కథ కంటికే కనిపిస్తుంది. చల్లని గోడకు ఆనుకుని సన్నని రేణువుల పలుచని పొర ఉంటుంది. అక్కడ ద్రవం ఒక్కసారిగా చల్లబడి ఎన్నో కేంద్రకాలు పుట్టాయి. వాటిలో పెరుగుదల దిశ వేడి ప్రవాహానికి సరిగ్గా ఎదురుగా ఉన్నవి ముందుకు దూసుకుపోయి, ఏటవాలుగా ఉన్న పొరుగువాటిని అడ్డుకుంటాయి. గెలిచినవి నిలువు స్తంభాల్లా మధ్యదాకా సాగుతాయి. స్వచ్ఛ లోహంలో ఇవి నాలుగు వైపుల నుంచీ వచ్చి మధ్యలో ఢీకొంటాయి.

మిశ్రమలోహంలో అలా కాదు. స్తంభాల ముందున్న ద్రవం కూడా చల్లబడి ఉంటుంది కాబట్టి అక్కడ కొత్త రేణువులు బతకగలవు. గోడ దగ్గర పుట్టి ప్రవాహంతో కొట్టుకొచ్చినవి, కొమ్మ మెడ కరిగి తెగిపడిన ముక్కలు, రిఫైనర్ కణాల మీద పుట్టినవి అన్నీ మధ్యలో చేరి, అన్ని దిశల్లోనూ సమానంగా పెరుగుతాయి. వాటి సంఖ్య చాలినంత అయితే స్తంభాల దారి మూసుకుపోతుంది. పోత ఉష్ణోగ్రత తగ్గిస్తే తెగిపడిన ముక్కలు కరగకుండా మిగిలి ఈ మధ్య మండలం పెరుగుతుంది. అయితే మరీ తగ్గిస్తే పలుచని భాగాలు నిండకుండానే లోహం ఆగిపోతుంది.

స్తంభ రేణువులు ఎప్పుడూ చెడ్డవేమీ కావు. జెట్ ఇంజిన్ టర్బైన్ బ్లేడులో లాగుడు బలం ఒకే దిశలో పనిచేస్తుంది, ఆ వేడిలో రేణువుల సరిహద్దులే బలహీన స్థానాలు. అందుకే అచ్చును వేడి మండలం నుంచి మెల్లగా కిందికి దించి స్తంభాలనే కావాలని పెంచుతారు. మరో అడుగు ముందుకు వేసి, వంపులు తిరిగిన సన్నని దారిలోంచి ఒక్క రేణువునే బ్లేడులోకి అనుమతిస్తారు. హైదరాబాద్‌లోని రక్షణ లోహశాస్త్ర పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, నికెల్ మిశ్రమలోహంతో ఇలాంటి ఏక స్ఫటిక బ్లేడులను రూపొందించింది. హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 బ్లేడులను హెచ్‌ఏఎల్‌కు అందించినట్టు 2021లో డీఆర్‌డీఓ ప్రకటించింది.

నాలుగో అడుగు: చల్లబడే వక్రరేఖ

ఇసుకతో చేసిన చిన్న కప్పు మధ్యలో థర్మోకపుల్ నిలబెట్టి, ద్రవం పోసి, ఉష్ణోగ్రతను కాలంతో పాటు నమోదు చేయండి. ఖర్చు తక్కువ, ఇచ్చే సమాచారం ఎక్కువ. ప్రతి ఫౌండ్రీలోనూ ఇది ఉండాలన్నది నా అభిప్రాయం.

615 ప్రాంతంలో గీత వాలు మారుతుంది. రిఫైనర్ లేని ద్రవంలో గీత సాధారణంగా ఒకటి రెండు డిగ్రీలో, ఇంకాస్త ఎక్కువో కిందికి జారి, గుప్తోష్ణంతో మళ్లీ పైకి లేస్తుంది. ఈ గుంట లోతే మీ ప్రధాన కొలత. కేంద్రకాలు సమృద్ధిగా ఉంటే గుంట దాదాపు కనిపించదు. తర్వాత 570 ప్రాంతంలో వచ్చే పొడవైన సమతల భాగం యూటెక్టిక్‌ది. దాని ఎత్తు కూడా రాసిపెట్టుకోండి, స్ట్రాన్షియం వేశాక అది అవసరమవుతుంది.

అయిదో అడుగు: గ్రెయిన్ రిఫైనర్

వాడుకలో ఎక్కువగా ఉన్నది 5 శాతం టైటానియం, 1 శాతం బోరాన్ ఉన్న అల్యూమినియం కడ్డీ. ఇందులో టైటానియం డైబోరైడ్ కణాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. వాటి మీద ఏర్పడే టైటానియం, అల్యూమినియం పలుచని పొర అల్యూమినియం స్ఫటికానికి సరైన ఆసరా ఇస్తుంది.

అయితే అన్ని కణాలూ పనిచేయవు. గ్రీర్ బృందం 2000లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం ఒక కణం మీద స్ఫటికం స్వేచ్ఛగా పెరగాలంటే కావలసిన అండర్‌కూలింగ్ ఆ కణం వ్యాసానికి విలోమంగా ఉంటుంది. లెక్కిస్తే 2 మైక్రాన్ల కణానికి సుమారు 0.3 డిగ్రీ, అర మైక్రాను కణానికి సుమారు ఒక డిగ్రీ కావాలి. పెద్ద కణాలు ముందు మేల్కొంటాయి, వాటి వేడికి ద్రవం ఉష్ణోగ్రత లేచి చిన్నవాటికి అవకాశమే రాదు. చివరికి పనిచేసేది వందలో ఒకటి మాత్రమే. కాబట్టి మోతాదు రెట్టింపు చేస్తే రేణువు సగమవుతుందని ఆశించవద్దు.

కణాలు ఒక్కటే చాలవు. ద్రవంలో కరిగి ఉన్న మూలకం పెరుగుదలకు బ్రేకు వేయాలి, అప్పుడే రీకాలెసెన్స్ ఆలస్యమై మరిన్ని కణాలకు సమయం చిక్కుతుంది. ఈ బ్రేకు శక్తిని క్యూ అనే అంకెతో కొలుస్తారు. ప్రతి ఒక్క శాతానికి సిలికాన్‌ది 5.9, రాగిది 2.8, మెగ్నీషియంది 3.0. టైటానియం మాత్రం దాదాపు 245. అందుకే 0.1 శాతం టైటానియం కూడా అంత బలంగా పనిచేస్తుంది.

పది కిలోల ద్రవానికి 0.2 శాతం అంటే 20 గ్రాములు. మామూలుగా దొరికే 9.5 మిల్లీమీటర్ల కడ్డీ సెంటీమీటరుకు సుమారు రెండు గ్రాములు తూగుతుంది కాబట్టి పది సెంటీమీటర్ల ముక్క చాలు. వేసి, వేడి చేసిన గ్రాఫైట్ కడ్డీతో అడుగునుంచి కలపండి. రెండు మూడు నిమిషాలు ఆగి పోత మొదలుపెట్టండి. ఎక్కువసేపు ఆపితే, తొట్టిలో కలిపి వదిలేసిన సున్నం అడుగుకు దిగినట్టు, బోరైడ్ కణాలు దిగిపోతాయి. వాటి సాంద్రత 4.5, ద్రవ అల్యూమినియానిది 2.4. దీన్నే ఫేడింగ్ అంటారు. మళ్లీ కలిపితే కొంత ప్రభావం తిరిగి వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక. సిలికాన్ 3 శాతం దాటాక ఈ 5:1 కడ్డీ బలం తగ్గుతుంది. సిలికాన్ టైటానియంతో సిలిసైడ్లు ఏర్పరచి కణాల ఉపరితలాన్ని పాడుచేస్తుందని వివరిస్తారు. ఏ356 లాంటి పోత లోహాలకు బోరాన్ వాటా ఎక్కువున్న రిఫైనర్లు, ఉదాహరణకు 3 శాతం టైటానియం, 3 శాతం బోరాన్ ఉన్నవి, మెరుగ్గా పనిచేస్తాయి. రోలింగ్ మిల్లు కోసం చేసిన కడ్డీని పోత ఫౌండ్రీకి అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. జిర్కోనియం ఉన్న స్క్రాప్ కలిసినా రిఫైనర్ దెబ్బతింటుంది.

ఆరో అడుగు: స్ట్రాన్షియం

ఇది రేణువు పరిమాణాన్ని మార్చడానికి కాదు, యూటెక్టిక్ సిలికాన్ ఆకారాన్ని మార్చడానికి. ఏమీ వేయకపోతే సిలికాన్ పదునైన పలకలుగా పెరుగుతుంది, లాగినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. అలడార్ పాజ్ సోడియం లవణాలతో దీన్ని మార్చవచ్చని కనుగొని 1921లో పేటెంటు పొందాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది స్ట్రాన్షియం, ఎందుకంటే సోడియం కంటే అది ద్రవంలో ఎక్కువసేపు నిలుస్తుంది. 0.02 శాతం లక్ష్యమైతే పది కిలోలకు రెండు గ్రాముల స్ట్రాన్షియం కావాలి. పది శాతం స్ట్రాన్షియం ఉన్న మాస్టర్ అల్లాయ్ (అల్యూమినియంతో ముందే కలిపిన మిశ్రమం) అయితే 20 గ్రాములు వేయాలి. సిలికాన్ సన్నని పీచుగా మారుతుంది, వక్రరేఖ మీద యూటెక్టిక్ సమతలం కొన్ని డిగ్రీలు కిందికి దిగుతుంది. దిగకపోతే స్ట్రాన్షియం పట్టలేదని అర్థం.

అడుగుల వరుసలో తర్వాత వచ్చినా, రెండూ వాడేటప్పుడు దీన్ని రిఫైనర్ కంటే ముందే వేయండి. బోరాన్ అధికంగా ఉన్న రిఫైనర్‌తో కలిస్తే స్ట్రాన్షియం బోరైడ్‌గా మారి రెండూ వృథా కావచ్చు. రెండూ వాడేటప్పుడు వక్రరేఖలోని రెండు భాగాలనూ మళ్లీ సరిచూడాలి. స్క్రాప్‌లో యాంటిమొనీ ఉంటే అది స్ట్రాన్షియంతో కలిసిపోయి ప్రభావాన్ని చెడగొడుతుంది.

ఏడో అడుగు: కోయడం, నునుపు చేయడం, ఎచింగ్

అన్ని పోతలనూ ఒకే ఎత్తులో కోయండి. అడుగు నుంచి ఎంత దూరమో దాన్ని బట్టి చల్లబడే వేగం మారుతుంది. టీపీ-1 అనే ప్రామాణిక పరీక్షలో అందుకే అడుగు నుంచి 38 మిల్లీమీటర్ల దగ్గరే కోస్తారు. అక్కడ చల్లబడే వేగం సెకనుకు సుమారు 3.5 డిగ్రీలు.

కంటితో చూడటానికి 600 నంబరు ఎమరీ దాకా రుద్దితే చాలు. సూక్ష్మదర్శిని కోసం 1200 దాకా వెళ్లి, తర్వాత డైమండ్ పేస్టుతో మెరుగు పెట్టాలి. కాగితం మార్చిన ప్రతిసారీ ముక్కను 90 డిగ్రీలు తిప్పి, పాత గీతలు పోయేదాకా రుద్దండి.

స్వచ్ఛ అల్యూమినియానికి 60–70 డిగ్రీల వేడిలో 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం సరిపోతుంది. కడిగి, నైట్రిక్ ఆమ్లంలో ముంచితే నల్లని పూత పోతుంది. ఏ356కు ఇది పనికిరాదు, సిలికాన్ వల్ల తలమంతా నల్లబడి రేణువులు మరుగున పడతాయి. దానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన పౌల్టన్ ద్రావణం వాడతారు. ఈ ఆమ్లం చర్మం దాటి లోపలికి వెళ్లి ఎముక దాకా నష్టం చేస్తుంది, మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు. శిక్షణ పొందినవారు ఫ్యూమ్ హుడ్‌లో, కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన పెట్టుకుని మాత్రమే చేయాలి. గాజు పాత్ర వాడకూడదు, ప్లాస్టిక్‌దే కావాలి. ఆ ఏర్పాటు లేకపోతే నాలుగు గ్రాముల పొటాషియం పర్మాంగనేట్, ఒక గ్రాము సోడియం హైడ్రాక్సైడ్ వంద మిల్లీలీటర్ల నీటిలో కలిపిన వెక్ ద్రావణంతో రంగు ఎచింగ్ ప్రయత్నించండి.

ఎనిమిదో అడుగు: కొలవడం

రేణువుకు లీనియర్ ఇంటర్‌సెప్ట్ పద్ధతి వాడండి. ఫొటో మీద తెలిసిన పొడవు గీత గీసి, అది ఎన్ని సరిహద్దులను దాటిందో లెక్కించండి. 20 మిల్లీమీటర్ల గీత 25 సరిహద్దులను దాటితే సగటు 0.8 మిల్లీమీటరు. వేర్వేరు దిశల్లో పలు గీతలు గీసి సగటు తీయండి, స్తంభ రేణువులున్న చోట దిశను బట్టి అంకె చాలా మారుతుంది. ఏ356లో రిఫైనర్ లేకపోతే ఒకటి రెండు మిల్లీమీటర్లు, బాగా పనిచేస్తే 0.2–0.3 మిల్లీమీటరు సాధారణం.

సూక్ష్మదర్శినిలో కొత్తవారు తరచూ డెండ్రైట్ కొమ్మ కొసలనే రేణువులుగా లెక్కిస్తారు. అనోడైజింగ్ చేసి ధ్రువిత కాంతిలోనో, రంగు ఎచింగ్‌లోనో చూస్తే ఒకే రేణువుకు చెందిన కొమ్మలన్నీ ఒకే రంగులో ఉంటాయి. రంగు మారిన చోటే సరిహద్దు.

కొమ్మల మధ్య దూరానికి ఒకే కాండం మీద వరుసగా ఉన్న కొమ్మలను ఎంచుకుని, మొత్తం పొడవును సందుల సంఖ్యతో భాగించండి. ఈ లోహంలో ఆ దూరం మైక్రాన్లలో, గడ్డకట్టడానికి పట్టిన సెకన్ల ఘనమూలానికి సుమారు పది రెట్లు. 30 సెకన్లలో గడ్డకట్టిన చోట దాదాపు 31 మైక్రాన్లు, 500 సెకన్లు పట్టిన చోట దాదాపు 80.

ఫలితాలను ఎలా చదవాలి

రేణువు పెద్దదై, వక్రరేఖలో గుంట లోతుగా ఉంటే కేంద్రకాలు చాలలేదు. కడ్డీ రకాన్నీ, వేశాక గడిచిన సమయాన్నీ చూడండి. రేణువు చిన్నదైనా కొమ్మల మధ్య దూరం ఎక్కువగా ఉంటే అక్కడ వేడి మెల్లగా పోయింది. దానికి రిఫైనర్ ఏమీ చేయలేదు, ఇసుక అచ్చులో ఆ చోట వేడిని త్వరగా లాగేసే ఇనుప ముక్క (చిల్) పెట్టాలి, లేదా ఉక్కు అచ్చుకు మారాలి. రెండూ బాగున్నా సాగుదల రాకపోతే సిలికాన్ పలకలను చూడండి, అది స్ట్రాన్షియం సమస్య.

ఏ356లో యాంత్రిక గుణాల కోసమైతే నా మొదటి ఖర్చు రిఫైనర్ మీద కాదు, చిల్ మీద. రంధ్రాల పరిమాణం, సిలికాన్ సన్నదనం, సాగుదల అన్నీ కొమ్మల మధ్య దూరంతోనే ఎక్కువగా ముడిపడి ఉంటాయి. రేణువు చిన్నదైతే వేడి పగుళ్లు తగ్గుతాయి, సంకోచం పూడ్చే ద్రవం తేలిగ్గా పారుతుంది. ఉక్కులో కనిపించేంత బలం పెరుగుదలను మాత్రం దాని నుంచి ఆశించవద్దు.

టీ6 వేడి ఉపచారం వీటన్నిటినీ సరిచేస్తుందని నమ్మేవారూ ఉన్నారు. 540 డిగ్రీల దగ్గర కొన్ని గంటలుంచితే సిలికాన్ అంచులు గుండ్రబడతాయి, మెగ్నీషియం కరిగి తర్వాత బలం ఇస్తుంది. రేణువు కదలదు, కొమ్మల అమరికా కదలదు. పైగా కొమ్మల మధ్య దూరం ఎక్కువున్న పోతకు ఆ కొలిమిలో ఎక్కువ సమయం పడుతుంది, కరెంటు బిల్లూ పెరుగుతుంది.